వారసత్వపు ఇల్లు – అమ్మాలా, ఉంచాలా?

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వారసత్వంగా వచ్చిన ఇంటిని ఏం చేయాలన్న విషయం మీద నన్ను మాట్లాడమన్నారు. నేను వకీలును కాను. 36 ఏళ్లు గుమాస్తాగిరీ చేసి, ఊరందరి ఫైళ్లలో కాగితాలు సక్రమంగా ఉన్నాయో లేదో చూసి, సొంత ఇంటి ఫైలు మాత్రం చూసుకోని మనిషిని. ఆ అర్హతతోనే మీ ముందు నిలబడ్డాను.

మా తాతగారి ఇల్లు పాత ఊళ్లో, బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి నడిచి వెళ్లే దూరంలో ఉండేది. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ రావడంతో మన హార్బరు మొదలైందని మీకు తెలుసు. ఆ హార్బరు పనుల్లో లెక్కలు రాసిన తాతగారు మూడేళ్లకు రెండు వందల గజాల స్థలంలో పెంకుటిల్లు కట్టారు. దూలాలు బర్మా టేకు. నడిమింటి దూలం మీద ‘ధాత’ అని చెక్కించారు. 1936 ఉగాదితో వచ్చిన సంవత్సరం పేరది. 1942 ఏప్రిల్ 6న జపాను వాళ్లు ఊరి మీద బాంబులు వేసినప్పుడు ఇంటికి తాళం పెట్టి, బండి కట్టుకుని విజయనగరం వైపు వెళ్లిపోయారట. 1971 డిసెంబరులో, ఘాజీ మునిగిన రోజుల్లో, కిటికీ అద్దాలకు నల్లకాగితాలు అంటించింది నేనే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి పెంకులు ఎగరగొట్టింది. మా అన్నయ్య మళ్లీ కప్పించాడు. 2016లో అన్నయ్య పోయాడు, వదినగారు హైదరాబాదులో కూతురి దగ్గరకు వెళ్లిపోయారు, ఇంటికి తాళం పడింది.

తాళం పడిన ఇంటి సంగతి మీకు చెప్పనక్కర లేదు. ఆర్నెల్లకు పెరట్లో రావిమొక్క, ఏడాదికి చెదలు. ఇంటి పన్ను మాత్రం ఏటా వస్తుంది. 2023లో అందరం మాట్లాడుకోవడం మొదలుపెట్టాం.

అమెరికాలో ఉన్న అన్నయ్య కొడుకు అమ్మేద్దామన్నాడు. మా చెల్లెలు, బాగుచేసి అద్దెకిద్దాం, పుట్టినిల్లు అని చెప్పుకోవడానికైనా ఉంటుందంది. నేను బిల్డరుకు డెవలప్‌మెంటుకిచ్చి తలొక ఫ్లాటు తీసుకుందామన్నాను. వచ్చిన బిల్డరు సందు చూసి, ఆటో తిరగని చోట పెద్ద అపార్టుమెంటుకు ప్లాను రాదు, అమ్మితే స్థలం కింద కొంటానన్నాడు. మహనీయుల ఇళ్ల దారి వేరు. విజయనగరంలో గురజాడ వారి ఇల్లు, రాజమండ్రిలో వీరేశలింగం గారి ఇల్లు స్మారకాలుగా నిలిచాయి. గుమాస్తాల ఇళ్లకు ఆ యోగం ఉండదు. మనమే తేల్చుకోవాలి.

అప్పుడు అన్ని కాగితాలూ పట్టుకుని ఒక వకీలు గారి దగ్గరకు వెళ్లాను. ఆయన దస్తావేజు చదివి, “ఇల్లేం చేద్దామన్నది తరువాత మాట. ఈ ఇల్లు ఎవరిదండీ?” అన్నారు.

“మా అన్నదమ్ములిద్దరిది. మునిసిపల్ పన్ను మా పేర్లనే వస్తోంది” అన్నాను. పన్ను రశీదు హక్కు పత్రం కాదని ఇతరులకు వందసార్లు చెప్పిన నోరే ఇది.

తాతగారు 1962లో పోయారు. ఇల్లు ఆయన స్వార్జితం. హిందూ వారసత్వ చట్టం 1956లో వచ్చింది. ఆ చట్టం ప్రకారం అది మా నాన్నగారికి సొంత ఆస్తిగా వచ్చింది. నాన్నగారు 1987లో వీలునామా లేకుండా పోయారు. అప్పుడు అమ్మకు, మా నలుగురికీ, అంటే అక్కయ్యకు, అన్నయ్యకు, నాకు, చెల్లెలికి, సమాన వాటాలు. అమ్మ పోయాక ఆమె వాటా కూడా నలుగురిదే. ఆడపిల్లల హక్కు 2005 సవరణతోనో, మన రాష్ట్రంలో 1986లో వచ్చిన సవరణతోనో పుట్టిందని మనలో చాలామంది అనుకుంటారు. అవి ఉమ్మడి పిత్రార్జితంలో కూతుళ్లకు కొడుకులతో సమానంగా పుట్టుకతో హక్కు ఇవ్వడానికి వచ్చిన సవరణలు. 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి లేకపోయినా ఆ హక్కు ఉంటుందని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో చెప్పింది. మా ఇంటికి ఆ చర్చే అక్కర లేదు. నాన్నగారు పోయిన రోజునే అక్కచెల్లెళ్లు వాటాదారులు.

అప్పుడు నేను సంచిలోంచి ఒక కాగితం తీశాను. 1988లో నా చేత్తో రాసింది. “పసుపు కుంకుమల కింద మాకు ముట్టవలసినది ముట్టినది, ఇంటిలో మాకు ఎట్టి హక్కు లేదు” అని, కింద ఇద్దరు ఆడపిల్లల సంతకాలు. వకీలు గారు చదివి, “దస్తూరి ముత్యాల్లా ఉందండీ. రిజిస్టరు కాలేదు కనుక హక్కు వదులుకున్నట్టు చెల్లదు” అన్నారు.

అంతటితో ఆగలేదు. పాత చట్టంలో 23వ సెక్షను ఉండేది. మగ వారసులు పంచుకునే దాకా ఆడవారు కాపురముంటున్న ఇంటిని పంచమని అడగరాదని ఆ సెక్షను. 2005లో దాన్ని తీసేశారు. అదే సెక్షనులో మరో మాట ఉండేది. పెళ్లికాని కూతురికి, భర్త వదిలేసిన లేదా భర్తకు దూరమైన కూతురికి, వితంతువైన కూతురికి ఆ ఇంట్లో నివసించే హక్కుంది అని.

మా బావగారు 1998లో పోయారు. అక్కయ్య ఇద్దరు పిల్లలతో గాజువాకలో ఒక గదీ వంటిల్లూ అద్దెకు తీసుకుంది. ఆ ఏడాదే మా ఇంటి వెనక వాటాను మేము ఎవరో తెలియని వాళ్లకు అద్దెకిచ్చాం. ఆ అద్దె నెలనెలా అన్నయ్యా నేనూ చెరిసగం తీసుకున్నాం. అక్కయ్యకు పండగకు చీర పెట్టాం. అది ధర్మమే అనుకున్నాం.

మర్నాడు గాజువాక వెళ్లాను. అక్కయ్యకు 81. జరిగింది చెప్పి, ఆ కాగితం ఆవిడ చేతిలో పెట్టాను. చాలాసేపు చూసి, “ఒరేయ్, నేను వాటా అడగలేదురా. కానీ మీరు నన్ను అడగలేదు. వెనక వాటాలో ఉంటావా అక్కా అని ఆనాడు ఒక్కమాట అనుంటే, పిల్లల్ని తీసుకుని వచ్చేసేదాన్ని” అంది.

ఇప్పుడు వచ్చి ఉండమన్నాను. ఆ ఎత్తు గడపలు ఇప్పుడు దాటలేనంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఆవిడ అద్దెకున్న ఇంటి యజమాని ఉక్కు ఫ్యాక్టరీ నిర్వాసితుల కుటుంబం వాడు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన ఫ్యాక్టరీ కోసం ఊళ్లకు ఊళ్లే కదిలాయి. అమ్మాలా, ఉంచాలా అని వాళ్లను అడిగిన వారు లేరు. మాకు నలుగురం కూర్చుని తేల్చుకునే అవకాశం ఉంది. దాన్ని మూడు దశాబ్దాలు ఇద్దరమే వాడుకున్నాం.

చివరికి అమ్మాం. అంత సులువుగా జరగలేదు. ఆడపిల్లలకు ఎప్పుడో పెట్టేశాం కదా అని వదినగారు బాధపడ్డారు. హుద్‌హుద్ తరువాత అన్నయ్య పెట్టిన మరమ్మతు ఖర్చు రశీదులతో సహా చూపారు. అది న్యాయమే. ముందు ఆ ఖర్చు తీసి ఆవిడకిచ్చి, మిగిలినది నాలుగు భాగాలు చేశాం. అన్నయ్య భాగం వదినగారికి, ఇద్దరు పిల్లలకు. వెనక వాటా అద్దెలో నేను తిన్న సగానికి తోచినంత లెక్క కట్టి, నా భాగంలోంచి అక్కచెల్లెళ్లకిచ్చాను. చెల్లెలు రిజిస్ట్రారు ఆఫీసులో సంతకం పెట్టి, నాతో మాట్లాడకుండా వెళ్లిపోయింది. రెండు నెలలకు ఫోను చేసింది. అక్కయ్య తన డబ్బుతో కొడుకు ఇంటి పక్కనే కింది అంతస్తులో చిన్న ఫ్లాటు తన పేరనే కొనుక్కుంది. కొన్నవారు పాత ఇల్లు పడగొట్టారు. ‘ధాత’ అని ఉన్న దూలం టేకు వ్యాపారి పట్టుకెళ్లాడు.

ఇక మీకు పనికొచ్చే మాటలు నాలుగు చెప్పి ముగిస్తాను.

మొదటిది, ఇల్లు ఎవరి పేర ఉంది, వారు ఏ సంవత్సరంలో పోయారు, వీలునామా ఉందా అన్నది ఒక కాగితం మీద రాయండి. దస్తావేజులు, లింకు డాక్యుమెంట్లు, ఈ.సి., కుటుంబ సభ్యుల ధ్రువపత్రం ఒకచోట పెట్టండి. విదేశాల్లో పిల్లలుంటే వారి పవర్ ఆఫ్ అటార్నీ అక్కడి భారత కాన్సులేటులో ధ్రువీకరించాలి. ఇక్కడికి చేరిన మూడు నెలల్లో స్టాంపు వేయించాలి.

రెండోది, ఎవరైనా వాటా వదులుకుంటే, మనస్ఫూర్తిగా వదులుకుంటున్నారా అని అడగండి. ఆ తరువాత రిజిస్టరు చేయించండి. తెల్లకాగితం మీద సంతకాలు వద్దు.

మూడోది, అమ్మితే లాభం మీద పన్నుంటుంది. 2001 ఏప్రిల్ 1కి ముందు నుంచి ఉన్న ఆస్తికి ఆనాటి విలువను ఆధారంగా తీసుకోవచ్చు. 2024 జూలై 23 నుంచి పన్ను 12.5 శాతం. ఆ తేదీకి ముందు సంక్రమించిన ఇంటికి, ఇక్కడ నివాసముండే వారు సూచీ ప్రకారం ధర పెంచుకుని 20 శాతం లెక్కన చూసుకుని, ఏది తక్కువైతే అది కట్టవచ్చు. విదేశాల్లో ఉన్నవారికి ఈ సౌకర్యం లేదు. ఆడిటరును అడగకుండా బయానా పుచ్చుకోకండి.

నాలుగోది, మన సొంత ఇళ్ల గురించి. వీలునామాకు ఇద్దరు సాక్షులు చాలు, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. బతికుండగా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. దానపత్రం అలా కాదు, ఇస్తే ఇచ్చినట్టే. పిల్లల పేర రాయక తప్పదనుకుంటే, మమ్మల్ని పోషించాలన్న షరతు అందులోనే రాయించండి. అది తప్పితే 2007 నాటి వయోవృద్ధుల చట్టం కింద ట్రిబ్యునలుకు వెళ్లి రద్దు కోరవచ్చు.

నేను ఇంటికెళ్లి నా వీలునామా రాశాను. కూతురినీ కొడుకునీ ఎదురుగా కూర్చోబెట్టి, చదివి వినిపించి, మీకేమైనా చెప్పాలని ఉందా అని అడిగాను. అమ్మాయి, “ఉంది నాన్నగారూ” అని ఒక మాట చెప్పింది. దాని ప్రకారం ఒక పేరా మార్చాను.