జరుగు పలకలు - కుదరని కొలతలు

ఒకనాటి ఉదయము పెద్దలొకరు మాకు ఫోను చేసి, "అయ్యా, రాత్రి ఒంటిగంట దాక మేలుకొని కూర్చుంటిని. మీ నాటకము రాలేదేమి?" అని అడిగిరి. ఆ నాటకము రాత్రి 10 గంటలకే మొదలై, వారు రేడియో పెట్టునప్పటికే ముగిసినది. వారు వేళ చూచుకొన్నది మా వెబ్ పుటలో. అదియు మనుమని కంప్యూటరు మీద. పుట పైభాగమున నాలుగు ప్రకటన పలకలు ఒకదాని వెంట ఒకటి ఎడమకు జరుగుచుండును. నాలుగవ పలక కుడి అంచున పెద్ద అంకెలతో వేళ వేసియుంటిమి. అందు 10లోని సున్న తెర వెలుపలికి పోయినది. వారికి కనబడినది 1 మాత్రమే.

మేము మొదట నమ్మలేదు. మా చేతి ఫోనులలో పలకలన్నియు చక్కగా నిలిచినవి. పిదప అటువంటి కంప్యూటరునే తెప్పించి చూచితిమి. మొదటి పలక కుడి ప్రక్క కొంచెము తెగినది. రెండవది మరి కొంత. నాలుగవ దానికి వచ్చుసరికి 60 పిక్సెళ్లు తెగిపోయినవి. పిక్సెలు అనగా తెరమీది కొలతకు చిన్న పాలు. పలకలు జరుగుచున్నప్పుడు తప్పు కనబడుటచే, అందరును జరుగుటనే అనుమానించితిరి. కాని దోషము గమనములో లేదు, కొలతలో ఉన్నది.

పలక వెడల్పును మేము "100 వీడబ్ల్యూ" అని వ్రాసితిమి. బ్రౌజరు తన కిటికీ వెడల్పునంతటిని లెక్కించి ఇచ్చు కొలత ఇది. పుటను పైకి క్రిందికి జరుపు స్క్రోల్ బారు ఆక్రమించు చోటును గూడ ఇందులో కలుపును. ఫోనులలో ఆ బారు పుట మీద తేలియుండును గనుక చోటు తీసికొనదు. ఆ కంప్యూటరులో మాత్రము 15 పిక్సెళ్లు తీసికొన్నది. పలకలను జరుపు ఆజ్ఞయో, బారు పోగా మిగిలిన వెడల్పును చూచి వ్రాసినది. పలక పెద్ద కొలతది, అడుగు చిన్న కొలతది. ఒక ఊరి మానికతో కొలిచి తెచ్చి, వేరొక ఊరి మానికతో అప్పగించినట్లయినది. మొదటి పలకకు 15 పోగా, ఒక్కొక్క అడుగునకు మరి 15 చొప్పున పెరిగి, నాలుగవ పలకకు 60 అయినది.

ఈ మానికల తగవు క్రొత్తది కాదు. వెబ్ పుటల అలంకార నియమావళి, సీఎస్ఎస్ మొదటి భాగము, 1996 డిసెంబరులో వెలువడినది. పెట్టె వెడల్పు అనగా లోని విషయమునకు మాత్రమే చెందునని అందు నిర్ణయించిరి. లోపలి ఖాళీయు, అంచు గీతయు పైన కలిసికొనును. విండోసుపై నడచిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5 వాటినిగూడ వెడల్పులోనే చేర్చినది. 320 అని వ్రాసి, ఇరుప్రక్కల 10 చొప్పున ఖాళీయు, ఒక్కొక్క గీతయు పెట్టినచో, నియమము ప్రకారము పెట్టె 342. ఆ బ్రౌజరులో 320. మూడు పెట్టెలు 960లో ఒకచోట ఇమిడెడివి. మరియొకచోట మూడవది క్రింది వరుసకు పడెడిది. 2001లో వచ్చిన ఆరవ కూర్పు, పుట తలపై సరియైన ప్రకటన ఉన్నచో నియమమును పాటించినది. నేడు ఏ కొలత కావలెనో "బాక్స్-సైజింగ్" అను మాటతో మనమే చెప్పవచ్చును. "బార్డర్-బాక్స్" అన్నచో ఖాళీయు గీతయు వెడల్పులోనే ఇముడును.

మాలో ఒకరు, "ఆ యంత్రమునకు మాత్రము 15 తీసివేయుదము" అనిరి. అది మందు కాదు, అతుకు. బారు వెడల్పు అన్ని యంత్రములలో ఒకటి కాదు. కనుక వీడబ్ల్యూను తీసివేసి, పలకకు తన్ను పట్టియున్న చట్రములో నూరు పాళ్లు వెడల్పు నిచ్చితిమి. ఒత్తిడికి కుంచించుకొనకుండ కట్టడి చేసితిమి. జరుపు ఆజ్ఞనుగూడ అదే వెడల్పులో నూరు పాళ్లుగా మార్చితిమి. కొలత ఒక్కటైన పిదప బారు ఉన్నను లేకున్నను పలక గీత దాటలేదు.

ఆ సందర్భమున మరి రెండు సవరణలు చేసితిమి. పూర్వము "లెఫ్ట్" అను విలువను మార్చుచు పట్టీని జరిపితిమి. దానిచే బ్రౌజరు అడుగడుగునకు కొలతలు తిరిగి కట్టవలసి వచ్చును. సెకనుకు 60 చిత్రములు చూపు తెరలో ఒక్కొక్క దానికి సుమారు 17 మిల్లీసెకండ్లే వ్యవధి. ఆలస్యమైనచో కదలిక కుంటును. "ట్రాన్స్‌ఫార్మ్" వాడినచో ఆ శ్రమ చాల వరకు తప్పును. రెండవది మన లిపిని గూర్చినది. ఇంగ్లీషు అక్షరముల ఎత్తు చూచి పలకకు నిలువు కొలత బిగించితిమి. తెలుగు ఒత్తులు క్రిందికి దిగును గనుక, "శాస్త్రి", "రాష్ట్రము" వంటి మాటల అడుగులు తెగినవి. ఇప్పుడు ఎత్తును అక్షరములకే వదలి, వరుసల నడుమ చోటు పెంచితిమి.

అన్నిటికి మించిన ప్రశ్న, పలక అసలు జరుగవలెనా యనునది. తనంతట తాను కదలుచు, ప్రక్క విషయముతో పాటు 5 సెకండ్లకు మించి సాగు దానిని ఆపుకొను వీలు చదువరికి ఉండవలెనని వెబ్ సౌలభ్య సూత్రములు చెప్పుచున్నవి. కదలికచే తల తిరుగు వారు తమ యంత్రములో ముందుగనే "కదలిక తగ్గించుము" అని కోరుకొనవచ్చును. ఆ కోరికను పుట మన్నింపవలెను. మా పలకలకు ఇప్పుడు ఆపు గుర్తు కలదు.

నాటకపు వేళ మాత్రము పలకలలో లేదు. దానిని పుట నెత్తిన, కదలని చోట వేసితిమి. పునఃప్రసారపు వేళను ఆ పెద్దలకు ఫోనులో మేమే చెప్పితిమి. వారు, "పదియా, ఒకటియా, సరిగా చెప్పుడు" అని రెండుమార్లు అడిగి వ్రాసికొనిరి.