కొల్లేటి తూనీగ



వాన వెలిసిన సాయంకాలం ఏలూరు నుండి కైకలూరు పోయే దారిలో కాసేపు నిలబడిన వారికి ఒక దృశ్యం చిరపరిచితమే. వరిచేల మీద, కాలువగట్ల మీద, మనిషి తలకు కొంచెం ఎత్తున, వందలాది తూనీగలు ఎక్కడా వాలకుండా తిరుగుతూ ఉంటవి. పసుపు వన్నె దేహం, ఎర్రని కన్నులు, అద్దం వంటి నాలుగు రెక్కలు. చిన్ననాడు వాటి తోకకు దారం కట్టి ఆడుకోని వారు మనలో అరుదు. ఆ పాపంలో నాకూ వాటా ఉన్నది.

ఆ మధ్య తాడేపల్లిగూడెం వైపు పొలంలో ఒక వృద్ధ రైతు ఈ గుంపును చూపి, “ఇవి మన తూనీగలేనా అండీ, ఎక్కడి నుంచో వచ్చినవా?” అని అడిగాడు. ప్రశ్న చిన్నది; సమాధానం మాత్రం సముద్రాలు దాటి పోతుంది.

ఈ తూనీగ శాస్త్రనామం పాంటాలా ఫ్లావెసెన్స్. ఫ్లావెసెన్స్ అనగా పసుపు వన్నె గలది. ఆ విశేషణం 1798లో డెన్మార్క్ పండితుడు ఫాబ్రిషియస్ ఇచ్చినది. అయితే దీని ప్రయాణాల సంగతి బయటపడటానికి మరి రెండు వందల ఏండ్లు పట్టింది. మాల్దీవులు పగడపు దీవులు. అక్కడ మంచినీరు పైకి నిలిచే చోట్లు బహు స్వల్పం. తూనీగయో, నీటిలో గుడ్లు పెట్టే ప్రాణి. అయినా ఏటా అక్టోబరులో అవి అక్కడ గుంపులు గుంపులుగా దిగుతవి. చార్లెస్ ఆండర్సన్ అనే జీవశాస్త్రజ్ఞుడు అవి ఏ దీవికి ఏనాడు చేరుతున్నవో ఏండ్ల తరబడి లెక్క వ్రాసి, 2009లో ప్రకటించాడు. ముందు ఉత్తరపు దీవులు, తరువాత దక్షిణపు దీవులు, ఆ పిమ్మట సీషెల్స్. అనగా భారతదేశం నుండి తూర్పు ఆఫ్రికాకు సముద్రం మీదుగా పోతున్నవన్న మాట. క్రింద ఎదురుగాలి ఉన్నా, వెయ్యి మీటర్లకు పైన ఈశాన్యపు గాలి వీస్తుంది. ఆ గాలినెక్కి, వానల వెంట పోతవి. నైరుతి ఋతుపవనంతో తిరిగి వస్తవి. రానూపోనూ 14,000 నుండి 18,000 కిలోమీటర్లు! ఒక తూనీగ ఆయుర్దాయం దీనికి చాలదు. ముత్తవ్వ బయలుదేరిన చోటికి మునిమనుమరాలు చేరుతుంది.

ఇంత దూరం మోసే రెక్క ఎటువంటిది? వెనుక రెక్క మొదలు వెడల్పుగా ఉంటుంది. అందువలన ఆడించకుండానే గాలిపై తేలిపోగలదు. వేరువేరు దేశాల కీటకాలను పోల్చదలచిన శాస్త్రజ్ఞులు రెక్కలోని ఈనెలు కలిసే చోట్ల చుక్కలు గుర్తించి, పెద్దా చిన్నా తేడాను లెక్కలో తీసివేసి, ఆకారాన్ని మాత్రమే సరిపోల్చుతారు. రెండవ పరీక్ష వంశానిది. తల్లి నుండి బిడ్డకు సంక్రమించే జన్యువును చదువుతారు. 2016లో భారతదేశం, జపాన్, కొరియా, అమెరికా మొదలైన దేశాల పాంటాలాలను ఈ విధంగా పరీక్షించగా, వాటి మధ్య చెప్పుకోదగిన భేదం కనబడలేదు. ఖండాలు వేరు, కుటుంబం ఒకటే. ఐరోపాలో పూలపై గాలిలో నిలిచి ఎగిరే వలస ఈగలలోను ఇదే తీరు కనిపించింది. పేనుబంకను తినే పిల్లపురుగులు గల ఈ ఈగలు మన కూరగాయల తోటలలోను ఉన్నవి.

దీనికి అపవాదం పసిఫిక్ మహాసముద్రంలోని ఈస్టర్ దీవి. అక్కడి పాంటాలా వన్నెలో ముదురు, నడవడిలో వేరు అని 1998లో తేల్చినారు. ఒంటరి దీవిలో గాలికెక్కిన తూనీగ సముద్రం పాలవుతుంది. నేలను వదలనిదే సంతానాన్ని నిలుపుకొంటుంది. రాకపోకలు ఆగిన చోట భేదం పుడుతుంది.

ప్రపంచమంతా ఒకే కుటుంబమైనప్పుడు కొల్లేటిలో కొన్ని పోతే ఏమి అని అనవచ్చును. కాని ఆ కుటుంబం ఆకాశంలో పుట్టదు. ఏ తరానికా తరం, వాన పడిన వేళకు, నిలిచిన నీరు దొరకాలి. పిల్లపురుగు రెక్కలు తొడగటానికి సుమారు నలభై నుండి అరవై రోజులు పడుతుంది. అది కోరేది చేపలు లేని తాత్కాలికపు నీరు. వరిమడి, వాననీటి గుంట. చేపలు దానిని తినివేస్తవి. కనుక చేపల చెరువులు ఎంత నిండుగా ఉన్నా తూనీగకు నీరు దొరికినట్లు కాదు. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్సర్ జాబితాలో చేరింది. 2006లో చెరువుగట్లు తెగగొట్టారు. ఇదంతా పక్షుల పేరిట విన్నాము. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే వాననీరు పరచుకొని తీసే ఆ మెరకలపై తూనీగకు కూడ హక్కు ఉన్నది. ఆ నలభై రోజులలో మడిలో పురుగుమందు అతిగా చల్లితే, పైరును తినే పురుగుతోపాటు దోమపిల్లలను తినే ఈ నేస్తం కూడ నశిస్తుంది. అక్టోబరులో బయలుదేరవలసిన గుంపు బయలుదేరదు.

ఆ రైతుకు నేను చెప్పిన జవాబు ఇదే: “మనవే, తాతా. అయితే మనవి మాత్రమే కావు.” ఆయన కాసేపు ఊరుకొని, “అయితే ఆడపిల్లలన్నమాట. పుట్టింట్లో పెరిగినన్నాళ్లూ మనం చూసుకోవాలి” అన్నాడు. ఇంతకంటె బాగా చెప్పటం నాకు చేతకాదు. ఈసారి పిల్లవాడి చేతిలో దారం కనిపిస్తే, కోప్పడకుండా ఈ ప్రయాణపు కథ చెప్పండి. ముడి వాడే విప్పుతాడు.