ఆ ‘ఏదో’ ఎక్కడ ఉంటుంది?

(ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, పటేళ్లకు, వడ్డెలకు, పొద్దున్నే బస్సులెక్కి ఊళ్ల నుంచి వచ్చిన అక్కలకు, అన్నలకు, ముందు చాపల మీద కూర్చున్న ఆశ్రమ పాఠశాల పిల్లలకు జోహార్.

జోహార్ అనగానే వెనక వరుసలో ఇద్దరు ముగ్గురు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నిజమే, మన దగ్గర ఆ మాట చనిపోయినవాళ్లకే చెప్తాం. జార్ఖండ్‌లో మాత్రం ముండాలు, సంతాలులు, ఉరావ్‌లు దారిలో ఎదురుపడితే చెప్పుకునే పలకరింపు అది. ఇవాళ నేను చెప్పబోయే వాళ్లలో మొదటాయన అక్కడి మనిషి, అందుకే ఆ మాటతో మొదలుపెట్టాను. మిమ్మల్ని ఎవరినీ అమరుల్లో కలపలేదు, కంగారు పడకండి.

నేను ఇరవై ఏడేళ్లు పీఈటీగా పని చేశాను. ఈల ఊదడం తప్ప ఉపన్యాసం చెప్పడం రాదు. సంఘం వాళ్లు “మన ఆదివాసీ క్రీడాకారుల గురించి పది నిమిషాలు మాట్లాడండి సార్” అన్నప్పుడు పేర్లు, పతకాలు రాసుకుని చదివేద్దాం అనుకున్నా. పోయిన వారం ఒక హాస్టల్‌కి వెళ్లాను. అక్కడ గోడ మీద మలావత్ పూర్ణ, మేరీ కోమ్ బొమ్మలు అతికించి ఉన్నాయి. ఎనిమిదో తరగతి అమ్మాయి అడిగింది: “సార్, గెలిచినవాళ్లు చాలామంది ఉంటారు కదా. కొందరినే చూస్తూ ఉండాలనిపిస్తుంది. వాళ్లలో ఏదో ఉంది. అదేంటి సార్?”

“కష్టపడతారమ్మా” అన్నాను. మాకు చేతికందే జవాబు అదే కదా.

“అందరూ కష్టపడతారు సార్” అంది.

ఇంటికొచ్చాక కూడా ఆ మాట వదల్లేదు. పేర్ల కాగితం పక్కన పెట్టేశాను. ఇవాళ ఆ అమ్మాయికి జవాబు చెప్దామని వచ్చాను. తను ఇక్కడే ఎక్కడో కూర్చుని ఉంటుంది.

ముందు జైపాల్ సింగ్ ముండా గురించి. 1903లో ఖుంటీ దగ్గర ఒక ముండా పల్లెలో పుట్టాడు. రాంచీలో మిషన్ బడిలో చదివాడు. అక్కడి దొర ఒకాయన ఇంగ్లండ్ తీసుకెళ్తే ఆక్స్‌ఫర్డ్‌లో చేరాడు, అక్కడ హాకీలో పేరు తెచ్చుకున్నాడు. ఐసీఎస్‌కు ఎంపికయ్యాడు. ఆ రోజుల్లో ఐసీఎస్ అంటే ఇంగ్లీషు దొరల పక్కన కుర్చీ వేసుకుని కూర్చునే ఉద్యోగం. సరిగ్గా ఆ శిక్షణలో ఉండగానే 1928 ఆమ్‌స్టర్‌డాం ఒలింపిక్స్‌కు భారత హాకీ జట్టు కెప్టెన్‌గా పిలుపొచ్చింది. సెలవు ఇవ్వలేదు. ఆయన వెళ్లిపోయాడు.

ఆ ఒలింపిక్స్‌లో మనవాళ్లు ఐదు మ్యాచ్‌లు ఆడి 29 గోళ్లు కొట్టారు, ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. హాకీలో దేశానికి మొదటి బంగారు పతకం అది. కొట్టిన 29లో 14 ధ్యాన్‌చంద్‌వి. జైపాల్ సింగ్ వెనక నిలబడి అడ్డుకునే ఆటగాడు. పైగా జట్టు మేనేజర్‌తో పొసగక ఫైనల్ ఆడలేదు. ఆ అమ్మాయి అడిగిన ‘ఏదో’ గోళ్ల లెక్కలోనే ఉంటే ఆయన పేరు మనం ఎప్పుడో మర్చిపోవాలి.

తిరిగి వెళ్లాక, సెలవు లేకుండా వెళ్లావు కాబట్టి శిక్షణ ఇంకో ఏడాది చేయాలన్నారు. ఐసీఎస్‌నే వదిలేశాడు. ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. వదిలేసి నేరుగా మన జనం దగ్గరికి రాలేదు. పదేళ్లు అక్కడా ఇక్కడా ఉద్యోగాలు చేశాడు. కంపెనీలో చేశాడు, ఇప్పటి ఘానాలో పాఠాలు చెప్పాడు, రాయ్‌పూర్‌లో రాజకుమారుల కాలేజీలో చెప్పాడు. 1939 జనవరిలో రాంచీలో ఆదివాసీ మహాసభకు అధ్యక్షుడయ్యాడు. అప్పటి నుంచి ఆయన ‘మరంగ్ గోమ్కే’. పెద్ద నాయకుడు అని అర్థం. 1946 డిసెంబర్‌లో రాజ్యాంగ సభలో లేచి, నన్ను జంగ్లీ అని పిలిచినా నాకు గర్వమే అన్నాడు. ఆదివాసులకు ప్రజాస్వామ్యం మీరు నేర్పక్కర్లేదు, వాళ్ల దగ్గరే మీరు నేర్చుకోవాలి అని చెప్పాడు. ఆ సభలో ఎంతమంది మహామహులున్నారో మీకు తెలుసు. సూటు వేసుకుని, ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషులో, జంగ్లీ అనే తిట్టుని బొట్టులా పెట్టుకుని నిలబడ్డాడు. హాకీ మైదానంలో ఆయన మీద పడిన వెలుగునంతా అక్కడికి మోసుకెళ్లి ‘ఆదివాసి’ అన్న ఒక్క మాట మీద పోశాడు.

ఆయనలో లోపాల్లేవని నేననడం లేదు. 1963లో తన జార్ఖండ్ పార్టీని కాంగ్రెస్‌లో కలిపేశాడు. వెంట నడిచినవాళ్లే చాలామంది దూరమయ్యారు. మీలో రాజకీయాలు తెలిసినవాళ్లు దానిమీద వాదించుకోవచ్చు, నేను పీఈటీని. నాకు అర్థమైందల్లా ఒకటే. ఆయనకున్న ఆకర్షణ మోస్తున్నదాన్ని బట్టి పెరిగింది, దించేశాడని జనానికి అనిపించినప్పుడు తగ్గింది.

ఇది మనకు తెలియని సంగతి కాదు. మేడారంలో చిలకలగుట్ట నుంచి సమ్మక్కను తెచ్చేటప్పుడు చూశారు కదా. లక్షల మంది జనం, పోలీసుల తాళ్లు, డోలు మోతలు, ఎదురుకోళ్లు. అమ్మను మోసుకుంటూ వడ్డె వస్తుంటే ఒళ్లు జలదరించని మనిషి ఉండడు. ఆయన ఎత్తెంత, రంగేంటి, ఛాతీ ఎంత అని ఎవరైనా చూస్తారా? జాతర అయ్యాక అదే మనిషి సంతలో కనబడితే పక్క నుంచి వెళ్లిపోతాం. అంత జనం చూసేది ఆయన చేతుల్లో ఉన్నదాన్ని.

ఇప్పుడు మిమ్మల్ని కొంచెం దూరం తీసుకెళ్తాను, ఆస్ట్రేలియాకి. అక్కడి మూలవాసుల పిల్ల కేతీ ఫ్రీమన్. ఆ దేశంలో ఒక పాపం జరిగింది. మూలవాసుల పిల్లలను తల్లుల దగ్గర్నుంచి ప్రభుత్వమే లాక్కుని వేరేచోట పెంచింది. తరాలపాటు, 1970 దగ్గరి దాకా. మన పిల్లలూ హాస్టళ్లకు వెళ్తారు, పండక్కి ఇంటికొస్తారు. వాళ్లను తీసుకెళ్లింది రాకుండా ఉండటానికి. కేతీ ఇంట్లో కూడా అలా పోగొట్టుకున్నవాళ్లున్నారు.

1994లో కెనడాలో కామన్వెల్త్ పోటీలు. 21 ఏళ్ల కేతీ 400 మీటర్లు గెలిచింది. గెలిచి, తన జనం జెండా భుజాల మీద వేసుకుని మైదానం చుట్టూ పరుగెత్తింది. పైన నలుపు, కింద ఎరుపు, నడుమ పసుపు సూర్యుడు. నలుపు మనుషులు, ఎరుపు మట్టి. జట్టు పెద్ద కోప్పడ్డాడు, ఇంకోసారి ఆ జెండా పట్టుకోవద్దన్నాడు. తర్వాత ఆమె 200 మీటర్లు కూడా గెలిచింది. మళ్లీ పట్టుకుంది.

తర్వాత ఆరేళ్లకు సిడ్నీ ఒలింపిక్స్. అదే ఏడాది మే 28న, మూలవాసులతో రాజీ కోసం రెండు లక్షలకు పైగా జనం సిడ్నీ హార్బర్ వంతెన మీద నడిచారు. ప్రభుత్వం క్షమాపణ మాత్రం చెప్పలేదు. అది 2008 దాకా రాలేదు. ఆ వేడిలో ఒలింపిక్ జ్యోతి వెలిగించడానికి కేతీని ఎంచుకున్నారు. సెప్టెంబర్ 25 రాత్రి 400 మీటర్ల ఫైనల్. స్టేడియంలో లక్షా పన్నెండు వేల మంది. తల మీద ముసుగు కలిసిన ఆకుపచ్చ బట్టలు. 49.11 సెకన్లలో గెలిచింది.

పిల్లలూ, యూట్యూబ్‌లో ఆ పరుగు చూడండి. పరుగు కంటే తర్వాతి రెండు నిమిషాలు చూడండి. ఆమె ఎగరలేదు, అరవలేదు. ముసుగు తీసేసి ట్రాక్ మీద కూర్చుండిపోయింది. బూట్లు విప్పుకుంది. చుట్టూ లక్ష మంది అరుస్తుంటే, కలుపు తీసి గట్టు మీద కూలబడిన ఆడమనిషిలా ఆమె అలా కూర్చుంది. తర్వాత లేచి, రెండు జెండాలు పట్టుకుని, ఒట్టికాళ్లతో చుట్టూ తిరిగింది. దేశం జెండా ఒకటి, తన వాళ్లది ఒకటి. ఆ పరుగు నేను ఎన్నిసార్లు చూశానో. ప్రతిసారీ ఆమె కూర్చున్న చోటే నా గొంతు పట్టేస్తుంది. అంతసేపు ఎంత మోసిందో కూర్చున్నప్పుడే కనబడుతుంది కాబట్టి అనుకుంటా.

ఇక్కడ పెద్దవాళ్లకు ఒక మాట. మూడేళ్లు తిరగకుండానే, 2003లో ఆమె పరుగు మానేసింది. అప్పటికి ముప్పై ఏళ్లు. జాతి బరువంతా ఒక పిల్ల భుజాల మీద పెట్టి ‘మన పరువు నీ చేతుల్లో ఉంది’ అనడం మనకు అలవాటు. అలా అనకండి. ఎత్తుకోవాలో లేదో వాళ్లకే వదిలేయాలి. బలవంతంగా ఎక్కించిన బరువుకు నడుం పడుతుంది, అంతే.

అమెరికా మూలవాసి జిమ్ థోర్ప్ కథ కూడా చెప్పాలని ఉంది, టైం లేదు. 1912 ఒలింపిక్స్‌లో పెంటథ్లాన్, డెకథ్లాన్ రెండూ గెలిచాడు. అంతకుముందు చిన్న జీతానికి బేస్‌బాల్ ఆడాడన్న వంకతో పతకాలు లాగేసుకున్నారు. ఆయన చనిపోయాక చాలా ఏళ్లకు, 2022లో గానీ విజేత ఆయనొక్కడే అని రికార్డుల్లో పూర్తిగా సరిచేయలేదు. నూట పదేళ్లు పతకం పక్కా కాదు, మనిషిని మాత్రం జనం మరవలేదు. సరే, ముందుకెళ్దాం.

మన పూర్ణ. నిజామాబాద్ జిల్లా పాకాల, లంబాడీ కూలీల బిడ్డ. తాడ్వాయి గురుకులంలో చదువుకుంది. భువనగిరి గుట్ట మీద ఎక్కడం నేర్చుకుంది. నేపాల్ వైపు నుంచి ఎక్కాలంటే పదహారేళ్లు నిండాలి, అందుకని టిబెట్ వైపు నుంచి ఎక్కించారు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. తెలంగాణ వచ్చింది ఇంకో ఎనిమిది రోజులకు. వయసు 13 ఏళ్ల 11 నెలలు. వెంట ఖమ్మం జిల్లా దళిత కుటుంబం బిడ్డ ఆనంద్ కుమార్. వాళ్లిద్దరూ అంత ఎత్తుకి మోసుకెళ్లినవి తెలుసా? జాతీయ జెండాతోపాటు అంబేడ్కర్ బొమ్మ, ఎస్.ఆర్. శంకరన్ బొమ్మ. శంకరన్ గారు ఎవరో తెలియని పిల్లలు మీ టీచర్లను అడగండి. మీరు చదువుకునే గురుకులాల వెనక ఉన్న ఐఏఎస్ అధికారి ఆయన. పైన గాలి ఆడదు, ప్రతి గ్రాము బరువే. అక్కడ సంచిలో వాళ్లకు చోటుంచారు.

గోడ మీద పూర్ణ బొమ్మ చూసి ‘ఏదో ఉంది’ అన్నావు కదమ్మా. ఆ సంచిలో ఉందని నా లెక్క.

ఇంతవరకూ పెద్దవాళ్ల సంగతి చెప్పాను. ఇప్పుడు నా సంగతి. చెప్పాలా వద్దా అని రాత్రంతా అనుకున్నాను. చెప్తాను.

చాలా ఏళ్ల కిందట జోనల్ పోటీలకు ఖోఖో జట్టు ఎంపిక చేస్తున్నాను. ఒక్క చోటు మిగిలింది, ఇద్దరు అమ్మాయిలున్నారు. ఒకమ్మాయి గ్రౌండ్‌లోకి దిగితే హాస్టలంతా అరిచేది. అవుటైనా సరే, జడ విసిరి నవ్వుకుంటూ వచ్చేది. ఇంకో అమ్మాయి నోట్లోంచి మాట వచ్చేది కాదు. పోల్ దగ్గర తిరిగితే చేతికి దొరికేది కాదు గానీ, దొరకలేదన్న సంగతి కూడా ఎవరూ గమనించేవాళ్లు కాదు. ఆట అయ్యాక అందరి చెప్పులు ఏరి వరసగా పెట్టేది. చిన్నపిల్లలకు మోకాళ్లు చీరుకుపోతే పసుపు రాసేది. నేను మొదటి అమ్మాయిని తీసుకున్నాను. ఆమె తప్పేం లేదు, బాగానే ఆడింది. నేను చూసుకున్నది మాత్రం ఊపు, కళ, జనం అరుపు. మర్నాడు పొద్దున రెండో అమ్మాయి ఎప్పటిలాగే వచ్చి సున్నంతో గీతలు గీసింది.

పద్నాలుగేళ్ల తర్వాత ఒక సంతలో కనబడింది. చంకలో బిడ్డ. “సార్, బాగున్నరా” అని పలకరించి, ఎండుచేపలు బేరం చేస్తూ చేస్తూ, మామూలుగా అడిగినట్టే అడిగింది: “ఆ రోజు నన్నెందుకు తీసుకోలే సార్?”

పద్నాలుగేళ్లు మోసింది ఆ ప్రశ్నని. నేను “నువ్వు నా కంటికి ఆనలేదమ్మా” అన్నాను. వేరే అబద్ధం తోచలేదు.

“నేను అక్కడే ఉన్న కద సార్” అంది. చేపలు తీసుకుని వెళ్లిపోయింది.

ఎనిమిదో తరగతి అమ్మా, నీ ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు ఇంతే. సగం జవాబు ఆడేవాళ్లలో ఉంది. మిగతా సగం మాలాంటి వాళ్ల కళ్లలో ఉంది. వడ్డె చేతిలో ఏముందో తెలిసిన జనం ఉన్నారు కాబట్టి మేడారంలో ఒళ్లు జలదరిస్తుంది. తెలియనివాడికి అది జనం తోపులాట.

సంఘం వాళ్లు ఈసారి జట్ల ఎంపిక నాకు అప్పజెప్పారు. నేను రెండు షరతులు పెట్టాను, ఒప్పుకున్నారు. ఒకటి, ప్రతి పిల్లనీ పిల్లాణ్నీ కనీసం రెండు ఆటలు పూర్తిగా ఆడించి చూస్తాం. రెండు, గ్రౌండ్ చుట్టూ అరిచేవాళ్లను ఆ రోజు రానివ్వం. వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి, హైస్కూల్ గ్రౌండ్‌లో. వార్డెన్ సంతకం ఉన్న కాగితం తెచ్చుకోండి, మంచినీళ్ల బాటిల్ తెచ్చుకోండి. బూట్లు లేకపోయినా పర్వాలేదు. సున్నం నేనే తెస్తాను.

జోహార్.