పడవ మీద నుంచి తాడు విసరడం: సీమ వాళ్ళకి ఎందుకు?

ఈ ఎపిసోడ్ టాపిక్ చెప్తే మా కర్నూలు ఫ్రెండ్స్ పడీపడీ నవ్వారు. ఒడ్డుకు వస్తున్న పడవ మీద నుంచి తాడు ఎలా విసరాలి, ఎలా కట్టాలి. ఇదీ టాపిక్. "తాగే నీళ్ళకే ట్యాంకర్ కోసం చూసే సీమలో పడవ గోల నీకెందుకప్పా" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. అక్కడ్నుంచే మొదలుపెడదాం.

మన కె.సి. కెనాల్, అంటే కర్నూలు–కడప కాలువ, తవ్వింది ఒక్క పంటల కోసమే కాదు, పడవలు నడపడానికి కూడా. తుంగభద్రని పెన్నాతో కలిపి, సరుకుని నీళ్ళ మీదే సముద్రం వైపు పంపాలన్నది సర్ ఆర్థర్ కాటన్ కాలం నాటి ఆలోచన. మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1863లో పని మొదలుపెట్టింది. సుంకేసుల నుంచి కడప వైపు 300 కిలోమీటర్ల పైచిలుకు కాలువ. కంపెనీకి గిట్టుబాటు కాలేదు, 1882లో ప్రభుత్వం కొనేసింది. పడవలు ఎప్పుడో పోయాయి, కాలువ మాత్రం ఇప్పటికీ పొలాలు తడుపుతోంది.

మరి ఇప్పుడు? గండికోటలో బోటింగ్, అవుకు రిజర్వాయర్‌లో బోటింగ్, శ్రీశైలం వెనుక జలాల్లో ఇంజన్ పడవలు, చేపలు పట్టేవాళ్ళ పుట్లు. అంటే మనం మళ్ళీ నీళ్ళ మీదికి ఎక్కుతున్నాం. కానీ గోదావరి ఒడ్డు పిల్లాడికి చూసీచూసీ వచ్చేసే విషయాలు మనకి ఎవరూ చెప్పలేదు. అందులో మొదటిది తాడు.

ప్రయాణంలో అందరూ ఏమరుపాటుగా ఉండేది ఒడ్డు దగ్గరికి వచ్చాకే. "వచ్చేశాం" అని అందరూ ఒకేసారి లేస్తారు, ఒకే పక్కకి వస్తారు. పడవ అటు వాలుతుంది. ఒకాయన హీరోలాగా ఒడ్డుకు దూకుతాడు. ఇంకొకాయన పడవకి, గట్టుకి మధ్య కాలు పెట్టి ఆపబోతాడు. ఆపగలడా? లెక్క చూద్దాం, ఇంజనీరింగ్ చదివిన పాపానికి.

మనుషులతో కలిపి 5 టన్నుల పడవ అనుకోండి. సెకనుకి 1 మీటర్ వేగం, అంటే మెల్లగా నడిచే వేగమే. దాన్ని 5 సెంటీమీటర్లలో ఆపాలంటే దాదాపు 5 టన్నుల బలం కావాలి. మధ్యలో మీ కాలుంటే ఆ బలం ఎముక మీదే. అదే పడవని 1 మీటర్ దూరంలో ఆపితే సుమారు 250 కిలోల బలం చాలు. తాడు చేసే పని ఇదే. ఒక్క కుదుపుతో కాకుండా మెల్లమెల్లగా ఆపుతుంది.

250 కిలోలైనా మనిషి పట్టుకోలేడు కదా? ఇక్కడ మన రైతు తెలివి గుర్తు తెచ్చుకోండి. ఎద్దు బెదిరి లాగితే పగ్గం చేత్తో పట్టుకుని నిలబడడు, చెట్టుకో గుంజకో ఒక చుట్టు తిప్పేస్తాడు. రాపిడి మామూలుగా ఉంటే, గుంజకి ఒక పూర్తి చుట్టు వేస్తే చేతికి వచ్చే బరువు సుమారు ఆరో వంతుకి పడిపోతుంది. రెండు చుట్లకి నలభయ్యో వంతు. 250 కిలోలు కాస్తా 6 కిలోలు. కాబట్టి ఒడ్డున ఉన్నవాళ్ళు తాడు అందగానే లాగకూడదు, ముందు గుంజకి చుట్టాలి.

ఇక విసరడం. ఒకటి, తాడు రెండో కొన పడవకి కట్టి ఉందో లేదో చూడండి. నవ్వకండి, మొత్తం తాడు ఒడ్డుకు పోయి పడవ నీళ్ళలో మిగిలిపోవడం జరిగే పనే. రెండు, తాడుని సమానమైన చుట్టలుగా చుట్టండి. కొత్త తాడు ఎటు మెలి తిరగాలంటే అటే చుట్టనివ్వండి, బలవంతం చేస్తే చిక్కుపడుతుంది. మూడు, చుట్టని రెండు భాగాలు చేయండి. సగం విసిరే చేతిలో, సగం రెండో చేతిలో. రెండో చెయ్యి అరచెయ్యి తెరిచి ఉండాలి, తాడు దానంతటదే జారిపోవాలి. నాలుగు, బావిలో బొక్కెన ఊపినట్టు కింద నుంచి ఊపి వదలండి. గురి మనిషి మొహం మీదికి కాదు, అతని పక్కగా, భుజం దాటి అవతలికి. తాడు అతని మీదుగా పడితే ఎక్కడో ఒకచోట అందుతుంది. ముందే పడితే నీళ్ళ పాలు.

ప్రవాహం ఉంటే పడవ ముక్కు ఎదురు నీటికి పెట్టి రావాలి, ముందు ముక్కు దగ్గరి తాడు అందించాలి. వెనక తాడు ముందు కడితే నీళ్ళు ముక్కుని పట్టి పడవని అడ్డం తిప్పేస్తాయి.

చేయకూడనివి మూడు. తాడు చేతికి చుట్టుకోవద్దు, వేళ్ళు పోతాయి. కింద పడి ఉన్న తాడు చుట్టలో కాలు పెట్టి నిలబడొద్దు. బిగుసుకున్న నైలాన్ తాడుకి సూటిగా నిలబడొద్దు. అది రబ్బరులా సాగుతుంది, తెగితే కొరడా దెబ్బే.

కట్టాక పని అయిపోయిందా? లేదు. లాకులో నీళ్ళు దిగేటప్పుడు బిగించి కట్టిన పడవ తాడుకి వేలాడుతుంది, అందుకే లాకుల్లో తాడు దగ్గర ఒక మనిషి ఉండి వదులుతూ ఉండాలి. రిజర్వాయర్‌లో కూడా మట్టం మారుతుంది. వరదొస్తే ఇంకో కథ. 2024 సెప్టెంబర్ 1న కృష్ణా వరదలో కొట్టుకొచ్చిన భారీ పడవలు విజయవాడలో ప్రకాశం బ్యారేజీ గేట్ల దగ్గర గుద్దుకున్నాయి. కౌంటర్‌వెయిట్లు దెబ్బతిన్నాయి. అప్పుడు ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ పడవల్ని బయటికి తీయడానికి రోజుల తరబడి తిప్పలు పడ్డారు. ఒడ్డున వదులైన పడవ దాని యజమాని నష్టం మాత్రమే కాదు, కింద ఉన్న అందరి ప్రమాదం.

చివరగా, పడవ ఎక్కని వాళ్ళ కోసం. మన కాలువల్లో ప్రతి ఏడూ మునిగిపోయేవాళ్ళు ఉన్నారు. సిమెంటు గట్టు, నాచు, పట్టు దొరకదు. ఒకరు పడితే కాపాడబోయి ఇంకొకరు దూకుతారు, ఇద్దరూ పోతారు. దూకొద్దు. ఇదే తాడు, ఇదే విసురు. నీళ్ళ మీద తేలే ప్లాస్టిక్ తాడు అయితే మంచిది, కొనకి మూత బిగించిన ఖాళీ క్యాన్ కట్టండి. మనిషి తల దాటి అవతల పడేలా విసరండి. మీరు గట్టు మీద కింద కూర్చుని లాగండి, నిలబడితే మిమ్మల్నే లోపలికి లాగేస్తాడు.

కాలువ పక్కన పొలం ఉన్నవాళ్ళు మోటారు షెడ్డులో 20 మీటర్ల తాడు ఒకటి తగిలించి పెట్టండి. ఒక సాయంత్రం పిల్లల్ని కూర్చోబెట్టి, చెట్టుకి గురిపెట్టి ఇరవై సార్లు విసిరించండి. అవసరం పడిన రోజు నేర్చుకోవడానికి టైమ్ ఉండదు.

బోటింగ్‌కి వెళ్తే లైఫ్ జాకెట్ బిగించుకోండి, తాడు కట్టి "దిగండి" అనేదాకా కూర్చునే ఉండండి. వచ్చే ఎపిసోడ్‌లో పుట్టి గురించి మాట్లాడుకుందాం, గుండ్రటి పడవ తిన్నగా ఎలా పోతుందో. ఉంటాను.