ఆలస్యం గురించి అడిగితే ఏం చెప్పాలి?

ఓర్వకల్లులోనో, కొప్పర్తిలోనో ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్లారనుకోండి. "ఎప్పుడైనా పనికి ఆలస్యంగా వచ్చారా?" అని అడగొచ్చు. "ఎన్నడూ లేదు సార్" అంటే ఎవరూ నమ్మరు. బస్సుల మీద బతికే మన రాయలసీమలో అసలే నమ్మరు!

జరిగింది క్లుప్తంగా చెప్పండి. "నంద్యాల నుంచి కర్నూలు వస్తుంటే పాణ్యం దగ్గర బస్సు చెడిపోయింది సార్. వెంటనే సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి ముప్పావుగంట పడుతుందని చెప్పాను. అంతవరకు నా పని చూడమని పక్కాయన్ని అడిగాను. అప్పట్నుంచి ఒక బస్సు ముందే ఎక్కుతున్నా." ఎంత త్వరగా కబురు చేశారు, తర్వాత ఏం మార్చుకున్నారు అన్నదే ఇంటర్వ్యూ చేసేవాళ్లకు కావాలి. డ్రైవరును తిడుతూ కూర్చోవద్దు.

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కర్నూలును ముంచెత్తినప్పుడు రాలేకపోయానంటే ఎవరూ తప్పుపట్టరు. రోజూ రైల్వే గేటు పడే దారిలో ఇవాళా గేటు పడిందంటే మాత్రం అది సాకే.

మరి ఇంటర్వ్యూకే ఆలస్యమయ్యేలా ఉంటే? దారిలోంచే ఫోన్ చేయండి, చేరాక కాదు. కడప నుంచి కర్నూలుకు సుమారు 200 కిలోమీటర్లు. పొద్దున పదింటికి రమ్మంటే, ముందురోజు సాయంత్రమే బయల్దేరండి.