వోకింగ్ దహనవాటిక కథ

ఆదివారం పూట ఈ మాటలేమిటి అనుకోకండి. పెళ్ళిళ్ళ గురించి, ఇళ్ళ ధరల గురించి ఎంతసేపైనా మాట్లాడుకుంటాం. చావు గురించి మాత్రం అవసరం పడ్డ రోజునే, ఫోన్లో, కంగారుగా మాట్లాడుకుంటాం. అందుకే ఇవాళ లండన్‌కి నైరుతిగా ఉన్న వోకింగ్ దహనవాటిక గురించి చెబుతాను. బ్రిటన్‌లో కట్టిన మొదటి దహనవాటిక ఇదే.

దహనం మనకి తాతముత్తాతల నాటి ఆచారం. విక్టోరియా రాణి కాలపు ఇంగ్లండులో మాత్రం ఆ మాటంటేనే ఏవగింపు. 1873లో వియన్నా ప్రదర్శనలో ఇటలీ ప్రొఫెసర్ బ్రునెట్టి పెట్టిన దహన యంత్రం నమూనా చూసి, రాణిగారి సర్జన్ సర్ హెన్రీ థామ్సన్ మర్నాటి ఏడాదే ఒక సంఘం పెట్టాడు. 1878లో ఆ సంఘం వోకింగ్‌లో స్థలం కొంది. 1879 మార్చిలో పరీక్షకోసం ఒక గుర్రం కళేబరాన్ని కాల్చి చూశారు. ఊరివాళ్ళు గొడవ చేశారు, హోం మంత్రి వద్దన్నాడు. ఆరేళ్ళపాటు అక్కడ ఒక్క మనిషికీ దహనం జరగలేదు.

చివరికి దారి తెరిచింది వేల్స్‌లో ఒక మొండి ముసలాయన, డాక్టర్ విలియం ప్రైస్. 83 ఏళ్ళ వయసులో, 1884 జనవరిలో, చనిపోయిన తన పసికొడుకుని కొండమీద దహనం చెయ్యబోయాడు. జనం మీదపడ్డారు, పోలీసులు పట్టుకెళ్ళారు. ఇతరులకి ఇబ్బంది కలగనంతవరకు దహనం నేరం కాదని కార్డిఫ్‌లో జస్టిస్ స్టీఫెన్ తేల్చారు. ఈ స్టీఫెన్ మనకి కొత్తవాడు కాదండోయ్. అంతకుముందు వైస్రాయి కౌన్సిల్లో పనిచేసి, మన దేశంలో 2024 దాకా నడిచిన 1872 నాటి సాక్ష్య చట్టాన్ని రాసింది ఆయనే.

ఆ తీర్పు తర్వాత, 1885 మార్చి 26న, వోకింగ్‌లో మొదటి దహనం జరిగింది. ఆ ఏడాది మొత్తంమీద మూడే. 1902లో దహనానికి చట్టమే వచ్చింది. ఇప్పుడు ఈ దేశంలో పోయిన పదిమందిలో ఏడుగురికి పైగా దహనమే చేస్తున్నారు.

కొన్నేళ్ళ క్రితం, కొడుకుని చూడ్డానికొచ్చిన ఒక మిత్రుడి నాన్నగారు ఇక్కడే పోయారు. తారీఖు దొరకడానికి పన్నెండు రోజులు పట్టింది. ఇండియాలో అయితే ఈపాటికి దినాలు కూడా అయిపోయేవని వాళ్ళమ్మగారు ఒకటే బాధ. దహనం రోజు నుంచే లెక్కపెట్టుకోమని పురోహితులు చెప్పాక ఆవిడ కాస్త కుదుటపడ్డారు. దింపుడు కళ్ళం హాలు గుమ్మం దగ్గరే చేశాం. మా వాడు పెట్టె దగ్గర వంగి "నాన్నా" అని మూడుసార్లు పిలిచాడు. అక్కడి సిబ్బంది తలలు వంచి నిలబడ్డారు, ఎవరూ తొందరపెట్టలేదు. తలకొరివి బదులు మీట నొక్కడమే.

ఆ మీట వెనక ఇంత పోరాటం ఉందని నాకు తర్వాత చదివితే తెలిసింది. మనం రాకముందే, మన ఆచారం తెలియనివాళ్ళు, మన ఆచారానికి ఇక్కడ చోటు సంపాదించి పెట్టారు.

చివరగా ఒక్క మాట. ఇంగ్లండులో 2024 సెప్టెంబరు నుంచి, కరోనర్‌కి వెళ్ళని ప్రతి మరణాన్నీ మెడికల్ ఎగ్జామినర్ చూశాకే రిజిస్టర్ చేస్తారు. కాబట్టి మన పద్ధతిలో సాయంత్రానికల్లా అయిపోదు. ఈసారి అమ్మానాన్నలు వచ్చినప్పుడు, అంతా బాగున్న రోజునే, నెమ్మదిగా అడగండి: ఇక్కడే చెయ్యమంటారా, ఊరికి తీసుకెళ్ళమంటారా అని. వాళ్ళు మనకన్నా ధైర్యంగానే చెబుతారు.