గోడ మొదట బీటలు వారేది స్త్రీల దగ్గరే

(స్త్రీల హక్కుల కోసం పనిచేస్తున్న కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అమెరికా రాజకీయాల్లో మతం గురించి మాట్లాడతానంటే, 'మన గొడవలు మనకు చాలవా?' అని మీలో కొందరికి అనిపించి ఉండొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ అక్కడి మత రాజకీయాలు అక్కడే ఆగిపోవు. మనలాంటి దేశాల్లో పనిచేసే సంస్థల నిధుల షరతుల దాకా వస్తాయి. అందుకే మాట్లాడుకోవాలి.

ముందే ఒక విషయం చెప్పేస్తాను. నేను మానవవాదిని. దేవుడి మీద నాకు నమ్మకం లేదు. మనిషి కష్టానికి మనిషే దారి వెతకాలని నమ్ముతాను. అయితే గుడికో చర్చికో మసీదుకో వెళ్ళే స్త్రీలతో నాకు పేచీ లేదు. మతం ప్రభుత్వాధికారాన్ని చేతబట్టుకుని స్త్రీ మీదికి వచ్చినప్పుడే నా పేచీ.

కాగితం మీద చూస్తే అమెరికాది గట్టి లౌకిక రాజ్యాంగమే. 1787లో రాసిన ఆ పత్రం ఏ ప్రభుత్వ పదవికీ మతాన్ని అర్హతగా పెట్టకూడదంది. 1791లో వచ్చిన మొదటి సవరణ, ప్రభుత్వం ఏ మతాన్నీ అధికార మతంగా నెలకొల్పరాదనీ, ఎవరి మతాచరణకూ అడ్డు రారాదనీ చెప్పింది. 1802లో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ ఒక ఉత్తరంలో దీన్నే చర్చికీ రాజ్యానికీ మధ్య గోడ అన్నాడు. ఆ ఉత్తరం ఎవరికి రాశాడో గమనించండి. కనెక్టికట్ రాష్ట్రంలోని డాన్‌బరీ బాప్టిస్టులకు. వాళ్ళు నాస్తికులు కారు, భక్తులు. మరో క్రైస్తవ శాఖ ఆధిపత్యం కింద నలిగిన అల్పసంఖ్యాకులు. అంటే గోడ అవసరం భక్తులకూ బాగానే తెలుసన్నమాట.

అయితే ఆ రాజ్యాంగం రాసిన సభలో స్త్రీ ఒక్కరూ లేరు. దేశవ్యాప్తంగా లింగభేదం లేని ఓటు హక్కు కోసం 1920 దాకా ఆగాల్సి వచ్చింది. గోడ కట్టిన పురుషులు స్త్రీని ఎక్కడ ఉంచారన్నదే నా ప్రశ్న. ఇంట్లో ఉంచారు. ఆ ఇంటి మీద మతం పెత్తనం గురించి ఎవరూ పట్టించుకోలేదు.

1873లో వచ్చిన కామ్‌స్టాక్ చట్టం చూడండి. గర్భనిరోధక సాధనాలనూ, వాటి గురించిన సమాచారాన్నీ అశ్లీల వస్తువులతో జమకట్టి, తపాలాలో పంపడం నేరమంది. దాని కోసం పట్టుబట్టిన ఆంథొనీ కామ్‌స్టాక్‌ను ప్రభుత్వం తపాలా శాఖలో ప్రత్యేక అధికారిగా నియమించింది. ఒక వ్యక్తి మతనైతికత పోలీసు అధికారమై కూర్చుంది. 1916లో మార్గరెట్ శాంగర్ బ్రూక్లిన్‌లో గర్భనిరోధక సలహా కేంద్రం తెరిస్తే పది రోజులకే పోలీసులు వచ్చి పడ్డారు. పెళ్ళైన దంపతులకు ఈ సాధనాలు వాడే హక్కుందని సుప్రీంకోర్టు ఒప్పుకున్నది 1965లో. పెళ్ళికాని వాళ్ళకు 1972లో.

ఇక స్త్రీల ఉద్యమం సంగతి. 1848లో సెనెకా ఫాల్స్ సమావేశాన్ని నడిపిన వాళ్ళలో ఎలిజబెత్ కేడీ స్టాంటన్ ఒకరు. స్త్రీ లోబడి ఉండటం దైవాజ్ఞ అని చర్చి బోధిస్తున్నంత కాలం ఓటు ఒక్కటే చాలదన్నది ఆమె వాదన. 1895లో మరికొందరు స్త్రీలతో కలిసి 'ది వుమన్స్ బైబిల్' మొదటి భాగాన్ని వెలువరించింది. మరుసటి ఏడాదే, ఆమె మొదటి అధ్యక్షురాలిగా పనిచేసిన ఓటు హక్కు సంఘమే, ఆ పుస్తకంతో తమకు సంబంధం లేదని 53–41 ఓట్లతో తీర్మానించింది. ఆమె చిరకాల సహచరి సూసన్ బి. ఆంథొనీ వ్యతిరేకించినా లాభం లేకపోయింది. ఆ తీర్మానానికి ఓటేసిన స్త్రీలు ఉద్యమ ద్రోహులు కారు. మతం జోలికి పోతే మద్దతు పోతుందని భయపడ్డారు. 'ఆ విషయం ఇప్పుడొద్దులే' అన్నారు. ఈ మాట మన సంఘాల్లో మనం ఎన్నిసార్లు వినలేదు?

అలా పక్కన పెట్టిన ప్రశ్న 1970లలో ఎదురు తిరిగింది. స్త్రీపురుషుల సమాన హక్కుల సవరణను 1972లో అమెరికన్ కాంగ్రెస్ ఆమోదించింది. 38 రాష్ట్రాలు ఒప్పుకుంటే అది రాజ్యాంగంలో చేరేది. 1982 గడువు నాటికి 35 దగ్గరే ఆగిపోయింది. దాన్ని అడ్డుకున్న ఉద్యమానికి నాయకత్వం వహించిందీ ఒక స్త్రీయే, ఫిలిస్ ష్లాఫ్లీ. కుటుంబం కూలిపోతుందనీ, ఆడపిల్లలను నిర్బంధంగా సైన్యంలోకి తీసుకుపోతారనీ ఆమె ప్రచారం చేసింది. ఇంటి పని తప్ప వేరే ఆధారం లేని గృహిణుల అభద్రతకు ఆ ప్రచారం ఒక భాష ఇచ్చింది. ఆ అభద్రత నిజమైనదే. మతం దాన్ని వాడుకోగలిగింది.

గర్భస్రావం విషయంలో అమెరికా క్రైస్తవులంతా మొదటి నుంచీ ఒకే మాట మీద ఉన్నారనుకోవడం పొరపాటు. కాథలిక్ చర్చి గట్టిగా వ్యతిరేకించిన మాట నిజమే. కానీ 1967లో న్యూయార్క్‌లో ప్రొటెస్టెంట్ పాస్టర్లు, యూదు రబ్బీలు కలిసి, గర్భస్రావం కావాలనుకునే స్త్రీలను నమ్మకమైన డాక్టర్ల దగ్గరికి పంపే సలహా కేంద్రం నడిపారు. 1971లో సదరన్ బాప్టిస్టుల మహాసభ, అత్యాచారం, తల్లి శారీరక మానసిక ఆరోగ్యానికి హాని వంటి సందర్భాల్లో గర్భస్రావాన్ని అనుమతించే చట్టాలు రావాలని తీర్మానించింది. 1973లో రో వర్సెస్ వేడ్ తీర్పు వచ్చింది.

మరి తర్వాత ఏమైంది? ఇవాంజెలికల్ నాయకులను మొదట రాజకీయాల్లోకి దింపింది గర్భస్రావం కాదనీ, జాతి వివక్ష పాటించే క్రైస్తవ విద్యాసంస్థలకు ప్రభుత్వం పన్ను మినహాయింపు తీసేయడమనీ మత చరిత్రకారుడు రాండల్ బాల్మర్ వాదిస్తాడు. ఈ వాదనతో ఏకీభవించని వాళ్ళూ ఉన్నారు. నాకైతే ఇది సమంజసంగానే తోస్తుంది. వివక్షను బాహాటంగా సమర్థిస్తే ఓట్లు రాలవు, పుట్టని బిడ్డ పేరు చెబితే రాలతాయి. 1979లో జెర్రీ ఫాల్వెల్ 'మోరల్ మెజారిటీ'ని స్థాపించాడు. మరుసటి ఏడాది రీగన్ గెలుపుకు ఆ బలం తోడైంది.

దెబ్బ ముందు ఎవరికి తగిలింది? పేద స్త్రీలకు. 1976లోనే హైడ్ సవరణ వచ్చి, పేదల వైద్య పథకమైన మెడికెయిడ్ కేంద్ర నిధులను గర్భస్రావానికి దాదాపుగా ఆపేసింది. 1980లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. హక్కు ఉంది, కానీ చేతిలో డబ్బు లేదు. ఆ వరసలో నల్లజాతి స్త్రీలు ముందున్నారు.

తర్వాత దెబ్బ బయటి దేశాల స్త్రీలకు. 1984లో రీగన్ ప్రభుత్వం పెట్టిన నిబంధన ప్రకారం, అమెరికా కుటుంబ నియంత్రణ సాయం తీసుకునే విదేశీ స్వచ్ఛంద సంస్థలు ఇతర నిధులతోనైనా సరే, కుటుంబ నియంత్రణ పద్ధతిగా గర్భస్రావం చేయకూడదు, ప్రోత్సహించకూడదు. 1993లో క్లింటన్ ఎత్తేశాడు, 2001లో బుష్ మళ్ళీ పెట్టాడు. 2009లో ఒబామా ఎత్తేస్తే 2017లో ట్రంప్ మరింత విస్తరించి పెట్టాడు. 2021లో బైడెన్ ఎత్తేశాడు, 2025 జనవరిలో ట్రంప్ మళ్ళీ తెచ్చాడు. మన దేశంలో గర్భస్రావాన్ని షరతులతో అనుమతించే చట్టం 1971 నుంచే ఉంది. మన చట్టం ఒప్పుకున్న పని గురించి మన కార్యకర్త నోరు విప్పాలా వద్దా అన్నది వాషింగ్టన్‌లో ఎవరు గెలిచారన్నదాని మీద ఆధారపడటం ఎంత అన్యాయం!

2022 జూన్ 24న డాబ్స్ తీర్పు రో తీర్పును కొట్టేసింది. జస్టిస్ శామ్యూల్ అలిటో రాసిన ఆ తీర్పు ప్రమాణంగా చూపిన వాళ్ళలో 17వ శతాబ్దపు ఇంగ్లీషు జడ్జి మాథ్యూ హేల్ ఒకడు. 1662లో ఇద్దరు స్త్రీలను మంత్రగత్తెలన్న ఆరోపణ మీద ఉరికి పంపింది ఆయనే. భర్త భార్యపై అత్యాచారం చేసినట్టు కాజాలదన్న సూత్రం రాసిందీ ఆయనే. ఆ సూత్రం వలస పాలనతో పాటు మన శిక్షాస్మృతి 375వ సెక్షన్‌లో మినహాయింపుగా చేరింది. 2024 జులైలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్ కూడా దాన్ని అలాగే ఉంచింది. వాళ్ళ గుదిబండా మన గుదిబండా ఒకే రాతిలోంచి చెక్కినవి.

ఇది దూరపు కథా కాదు. టెక్సాస్‌లో, ముఖ్యంగా డాలస్ చుట్టుపక్కల, తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. 2021లో టెక్సాస్ చేసిన చట్టం, దాదాపు ఆరు వారాలు దాటాక గర్భస్రావానికి తోడ్పడిన వాళ్ళ మీద ఎవరైనా దావా వేయొచ్చంది. గెలిస్తే కనీసం 10,000 డాలర్లు. పక్కింటివాడే కాపలాదారు. మన ఊరి నుంచి వెళ్ళిన అమ్మాయి అక్కడ ఏ మతం పాటిస్తుందో ఆ చట్టం అడగదు.

అయితే నిరాశ పడక్కర్లేదు. 2022 ఆగస్టులో, సంప్రదాయ రాష్ట్రంగా పేరుపడ్డ కాన్సస్‌లో, గర్భస్రావ హక్కును రాష్ట్ర రాజ్యాంగం నుంచి తొలగించే ప్రతిపాదనను 59 శాతం ఓటర్లు తిరస్కరించారు. 2023లో ఒహాయోలో ఆ హక్కును రాజ్యాంగంలోనే చేర్చారు. వీళ్ళంతా నాస్తికులు కారు. ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. తమ నమ్మకాన్ని పక్కింటి స్త్రీ మీద చట్టంగా రుద్దడం తప్పనుకున్నారు. నా దృష్టిలో లౌకికవాదమంటే ఇదే.

కనుక మిత్రులారా, లౌకికవాదం వకీళ్ళకో మేధావులకో వదిలేసే విషయం కాదు. రాజ్యాంగంలో రాసి ఉన్నంత మాత్రాన గోడ నిలబడదు. అది బీటలు వారేది ముందు పేద స్త్రీ దగ్గర, ఆసుపత్రి గుమ్మం దగ్గర. ఆ బీటను ముందుగా చూసేది ఊళ్ళలో, బస్తీల్లో తిరిగే మీరే. నమ్మకం ఉన్న స్త్రీలను దూరం చేసుకోకుండా, నమ్మకం పేరుతో వచ్చే పెత్తనాన్ని నిలదీయడం ఎలాగన్నది మన ముందున్న పని. మీ సంస్థ సంతకం పెట్టే నిధుల ఒప్పందంలో ప్రతి షరతూ చదవండి. 'ఆ విషయం ఇప్పుడొద్దులే' అని ఎవరైనా అంటే, మరెప్పుడని అడగండి. ఇక మీ ప్రశ్నలు, అభ్యంతరాలు వినడానికి సిద్ధంగా ఉన్నాను.